చప్పుడు తగ్గాక

జూన్ 9

ఒరేయ్ చిన్నోడా,

క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ ఎవరూ క్షేమంగా లేరు. ఫోన్ చేద్దామంటే నీ చెవిలో ఈలమోత, ఫోను ఆనిస్తే నొప్పి అంటావు. ఆనించినా "ఊ" తప్ప పలకవు. నేను అరుస్తాను, ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరమైతే కనీసం నా మాట చివరిదాకా వినక తప్పదు నీకు.

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ అందింది. నిన్న మధ్యాహ్నం నా దుకాణంలో గిరాకీ లేదు. కుట్టుమిషను ఆపి, మీ బావ భోజనానికి రాగానే ఇద్దరం కూర్చుని పెట్టుకున్నాం. చాలాసేపు ఏమీ వినపడలేదు. స్పీకరు పాడైందనుకుని నేను వైర్లు కదిపాను. "పాడవలేదు, అదే పాట" అన్నాడు మీ బావ. ఎక్కడో నేల అడుగున లారీ ఆగి, డ్రైవరు ఇంజను ఆపకుండా వెళ్ళిపోయినట్టు ఒకటే గుయ్‌మని మోత. నా మిషను మోటారు కాలిపోయే ముందు అచ్చం అలాగే మూలిగింది. నీ గర్జన లేదు, గిటారు లేదు. అవి పోతే పోనీ. డ్రమ్ములేవిరా?

నేను పాట వినలేదు, మనిషినే చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక మీ బావ లేచి, వెనక గదిలోకి వెళ్ళి, డ్రమ్ముల మీద పాత దుప్పటి కప్పి, కళ్ళజోళ్ళ దుకాణానికి పనికి వెళ్ళిపోయాడు.

నాకు మొగుడు కాకముందే నీకు స్నేహితుడు కదరా. నువ్వు ముందు నిలబడి గొంతు చించుకుంటుంటే, వెనక కూర్చుని రెండు కాళ్ళతో, రెండు చేతులతో పిడుగులు కురిపించింది ఎవరు? మీ మెటల్ సంగీతం గోలకి ఇల్లు ఖాళీ చెయ్యమన్న ఇంటివాళ్ళు ఎంతమంది! నేను ఒక్కనాడైనా మానెయ్యమన్నానా? చిరిగిన నల్ల చొక్కాలు కుట్టిపెట్టాను కూడా. మొన్న చలికాలంలో ఆఖరి ప్రదర్శన అయిన మర్నాడు బస్టాండులో నిలబడి, "నాకు మెటల్ మీద విసుగొచ్చింది, ఇక చాలు" అని చెప్పి, సంచి భుజానేసుకుని ఆ ఊరు వెళ్ళిపోయావట. బేసు గిటారు వాయించే మన నిచ్చెనకేం, ఆ పొడుగుకి ఎక్కడైనా కనపడతాడు, వేరే బ్యాండువాళ్ళు పిలుచుకున్నారు. మీ బావనెవరు పిలుస్తారు?

ఏం తప్పు చేశాడని వదిలేశావు? అది రాయి చాలు. మిగతా వేదాంతం వద్దు.

మీ అక్క


జూన్ 17

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా తిట్లు తగ్గలేదు.

బావ తప్పు ఏమీ లేదు. ఇది ముందే రాసేస్తున్నాను. ఈ రకం సంగీతంలో డ్రమ్ములుండవు, అంతే.

నా గది ఐసు ఫ్యాక్టరీ మీద. పగలు ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణంలో పని, తర్వాత ఈ గది. కింద పెద్ద కంప్రెసరు ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఆ మోత మంచం కోళ్ళలోంచి ఎక్కి వెన్నులోకి వస్తుంది. గది చూపించేటప్పుడు ఇంటాయన తెగ మొహమాటపడిపోయి, "కాస్త చప్పుడు ఉంటుందండీ, అలవాటు లేనివాళ్ళకి కష్టం" అన్నాడు. నాకా చెబుతున్నాడు! కానీ చేరిన కొన్నాళ్ళకి గమనించాను. ఆ మోత ఉన్నంతసేపూ నా చెవిలో ఈల వినపడటం లేదు.

దుకాణంలో ఎవరో బాగుకిచ్చి మళ్ళీ రాకుండా పోయిన పాత సింథసైజరు ఒకటుంది. నిండా దుమ్ము, సగం మీటలు పనిచెయ్యవు. ఓనరుని అడిగి పైకి తెచ్చుకుని బాగుచేశాను. కింద కంప్రెసరు శ్రుతికి దాన్ని కలిపి, ఒక్క స్వరం నొక్కి పట్టుకుని, మీట కొంచెం కొంచెం తిప్పుతూ అది ఎలా మారుతుందో వింటూ కూర్చున్నాను. మేఘం మారినట్టు మారుతుంది, ఎప్పుడు మారిందో తెలీదు. చాలాసేపటికి చూసుకుంటే నా భుజాలు కిందికి దిగి ఉన్నాయి. గిటారు తగిలించుకున్ననాటి నుంచీ అవి చెవుల దగ్గరే ఉండేవి.

మెటల్ అంటే నాకు కోపం లేదక్కా. అది నన్ను పెంచింది. కానీ రోజూ ఒకే వేళకి కోపం తెచ్చుకోవాలి. రాని రోజున కూడా వచ్చినట్టు అరవాలి. కుర్రతనంలో నిజంగానే వచ్చేది. ఇప్పుడు మెడనొప్పికి మాత్ర వేసుకుని, మెడ ఊపడానికి స్టేజి ఎక్కుతున్నాను. ముందు వరసలో పిల్లలు నా కోపం కోసం చేతులు చాపుతున్నారు. నా దగ్గర లేదు. ఉన్నదల్లా అలసట. దాన్ని దాచిపెట్టకుండా వాయించగలిగేది ఇదొక్కటే. దీన్ని డార్క్ యాంబియంట్ అంటారు. చీకటి గదిలో కళ్ళు అలవాటు పడేదాకా ఓపిక పట్టడం లాంటిది. పేరు చూసి బెదిరిపోకు.

బావ పనికి రోజూ వెళ్తున్నాడా? చేతులు ఎలా ఉన్నాయి?

నీ చిన్నోడు


జూన్ 28

బాబూ తమ్ముడూ,

ఈసారి తిట్టను. నీ ఉత్తరం చదివాక తిట్టడానికి నోరు రాలేదు. చీకటి అంటావు, ఐసు అంటావు, ఉన్నదల్లా అలసట అంటావు. మంచం కోళ్ళలోంచి ఏదో ఎక్కి వెన్నులోకి వస్తోందంటావు. మంచిగా ఉన్న మనిషి రాసే మాటలేనా ఇవి? మా వీధి చివర మందుల దుకాణం ఆవిడకి చదివి వినిపించాను. "ఒంటరిగా వదలకండి" అంది.

నేను రావాలంటే దుకాణం మూయాలి. పెళ్ళిళ్ళ బట్టలు గుట్టగా పడి ఉన్నాయి, ఒక్కదాన్నే. నడుము పట్టేసి పొద్దున లేవడమే పెద్ద పని అవుతోంది. అందుకని నిచ్చెనని పంపిస్తున్నాను. పళ్ళు తెస్తాడు, తిను. ఏం అడిగినా మొహం చాటెయ్యకు.

మీ బావ చేతులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. అడిగావు కాబట్టి చెబుతున్నా, ప్రమోషన్ కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ వెనక బల్ల దగ్గర వంగి కూర్చుని కళ్ళజోళ్ళకి ఆ చీమతలంత స్క్రూలు బిగించేవాడా, ఇప్పుడు ముందు కౌంటర్లో కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా, మెడలో టై. వచ్చినవాళ్ళకి అద్దం చూపించి "మీ ముఖానికి బాగుందండీ" అనడమే పని. నేను సంతోషపడితే మీ బావ మాత్రం ఇల్లు కాలినవాడిలా మొహం పెట్టుకుని తిరుగుతున్నాడు. నీమీద బెంగ అనుకుంటా. నీ ఉత్తరం చదువుతానంటే "వద్దు" అని లేచిపోయాడు.

దీపం పెట్టుకుని కూర్చో. కిటికీ తెరిచి ఉంచుకో.

అక్క


జూలై 8

అక్కా,

మన నిచ్చెన వచ్చాడు. రెండు రోజులున్నాడు. పొయ్యి మీది పాలగిన్నెని చూసినట్టు నన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడ్డాడు.

"అన్నా, ఏం చేస్తున్నావ్?"

"స్నానం చేస్తున్నాన్రా."

"అయితే ఏదన్నా పాడుతూ చెయ్యి. వినపడుతుంటే నాకు ధైర్యం."

ఏం పాడను, నా పాటలన్నీ చావు గురించే కదా. ఒకటి ఎత్తుకున్నాను, తలుపు విరగ్గొట్టబోయాడు.

నాకేం కాలేదు, నమ్ము. పొద్దున లేస్తున్నాను, పనికి వెళ్తున్నాను, ఆకలేస్తోంది. అలిసిపోయానని చెప్పినవాళ్ళంతా చావబోతున్నారని కాదు. కొందరు కూర్చుందామనుకుంటారు, అంతే. నీ నడుము గురించి రాశావు చూడు, అదీ ఇదీ ఒకటే. నీ దగ్గరికి ఎవరైనా నిచ్చెనని పంపిస్తున్నారా?

బావని ముందు కౌంటరుకి మార్చారన్నావు. బావే అడిగాడా, ఓనరు మార్చాడా? తెలిస్తే రాయి. ఇంకో మాట. వయసు వచ్చింది మనందరికీ. మీరిద్దరూ ఓసారి ఆసుపత్రికి వెళ్ళి మామూలు పరీక్షలన్నీ చేయించుకోండి. నీ నడుము చూపించుకునే వంకతో బావని కూడా తీసుకెళ్ళు. ఊరికే అంటున్నాను.

ఇక్కడ ఒక చిన్న హాలువాళ్ళు నా సంగీతం విని అక్టోబరులో వాయించమన్నారు. ఒక్కణ్ణే, కుర్చీలో కూర్చుని. నిలబడి అరవక్కర్లేదు. ఆ మాట వినగానే ఒప్పేసుకున్నాను.

దీపం పెట్టుకుని, కిటికీ తెరుచుకుని,
నీ తమ్ముడు


జూలై 20

నీకు,

నీకు పిచ్చి పట్టిందేమోనని నేను ఏడుస్తుంటే, నువ్వు మా వయసు గుర్తుచేస్తున్నావు. ఆసుపత్రికి వెళ్ళాలట. ముసలివాళ్ళమయ్యాం కాబట్టి వదిలించుకున్నానని నేరుగా రాయరాదూ?

నిచ్చెన అన్నీ చెప్పాడు. చెప్పకూడదనుకున్నాడు గానీ వాడి నోట్లో నువ్వుగింజ నానదు. నీ మంచం కింద పెద్ద అట్టపెట్టె, దాని మీద డ్రమ్ మెషీన్ బొమ్మ. తన కళ్ళతో చూశాడట. ఈ రకంలో డ్రమ్ములుండవని రాసింది నువ్వే. మనిషిని తీసేసి డబ్బాని తెచ్చుకున్నావు. డబ్బా అయితే అలగదు, అన్నం అడగదు, ఆలస్యంగా రాదు. మీ బావ ఇక్కడే బల్ల దగ్గర కూర్చుని అంతా విన్నాడు. నేను మీ బావని లోపలికి పంపేలోపే నిచ్చెన కక్కేశాడు.

"మెషీన్ అయితే తాళం తప్పదు" అన్నాడు మీ బావ. "మెషీన్ తప్పు వాయించదు" అని మళ్ళీ అన్నాడు. నవ్వుతూనే.

నిన్న నేను దారాలు కొనుక్కొచ్చేసరికి వెనక గది ఖాళీ. డ్రమ్ములు అమ్మేశాడురా. తాళాలు, పెడళ్ళు, కూర్చునే పీటతో సహా. ఎవరికని అడిగితే చెప్పలేదు. ఎందుకంటే "చోటు చాలడం లేదు కదా, నీ బట్టలు పెట్టుకో" అన్నాడు. నేను చోటు లేదని ఏనాడైనా అన్నానా? నేల మీద నాలుగు గుండ్రటి మచ్చలు మిగిలాయి. తుడిచినా పోవడం లేదు.

ఇక నాకు రాయకు. నీ హాలు, నీ కుర్చీ, నీ డబ్బా నీకు చాలు.

—


జూలై 27

అక్కా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదువు.

ఆ పెట్టెలో డ్రమ్ మెషీన్ లేదు. దుకాణంలో పారేస్తుంటే ఆ అట్టపెట్టె తెచ్చుకుని చలికాలం బట్టలు పెట్టుకున్నాను. అందులో నువ్వు అల్లిన స్వెట్టరు, రెండు దుప్పట్లు, పాత బూట్లు ఉన్నాయి. నిచ్చెన మూత తీసి ఉంటే చూసేవాడు. బావకి ఈ ఒక్క ముక్క చెప్పు. నా పేరు ఎత్తకపోయినా ఫరవాలేదు.

బావ జాగాలో నేను ఎవరినీ పెట్టలేదు. మనిషినీ పెట్టలేదు, డబ్బానీ పెట్టలేదు. ఎందుకని అడగకు. కొన్ని సంగతులు నేను చెప్పేవి కావు. బావే నీకు చెప్పాలి. తొందరపెట్టకుండా అడుగు.

నేల మీది మచ్చల్ని తుడవకు, వదిలెయ్యి. నడుము నొప్పి పెడుతుంది.

చిన్నోడు


ఆగస్టు 19

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయలేదు. కోపంతో కాదు. మొదట కోపమే, తర్వాత తీరిక లేదు, తర్వాత ఏం రాయాలో తెలియలేదు.

మొన్న ఒక పొద్దున మీ బావ తన కళ్ళజోడు స్క్రూ ఊడిందని నా కుట్టు బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, నన్ను చూడలేదు. స్క్రూ పడిపోయింది. తీశాడు. మళ్ళీ పడింది. ఎడం చెయ్యి దానంతటదే కొట్టుకుంటోంది. కుడిచేత్తో దాన్ని పట్టుకుని, ఎగిరిపోబోయే పిట్టని అదిమినట్టు అదిమి, కాసేపు అలా కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా వేల కొద్దీ కళ్ళజోళ్ళు బిగించిన మనిషి! నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టు తొందరపెట్టలేదు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను. "ప్రమోషన్ రాకముందు నుంచి" అన్నాడు. ఓనరు చాలా మర్యాదగా మార్చాడట. నేను దాన్ని వీధంతా చెప్పుకున్నాను.

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నడిపించింది, వేళ్ళు ఆడించమంది, ఒక వాక్యం రాయమంది. నరాల జబ్బు, పార్కిన్సన్స్ అంది. పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టుకోవచ్చు అంది. మీ బావ అడిగిన ప్రశ్న ఒక్కటే. "కాళ్ళకి కూడా వస్తుందా అండీ?" డ్రమ్ముల కింద కాళ్ళతో తొక్కే రెండు పెడళ్ళ గురించని ఆవిడకేం తెలుసు? నడక గురించి ధైర్యం చెప్పింది.

ఇంటికొచ్చాక మొత్తం చెప్పాడు. ఆఖరి ఊళ్ళలో వాయించేటప్పుడు ఎడం చెయ్యి వెనకబడిందట. "వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కసారే. తర్వాత ఎవరూ అడక్కుండానే పాటని నెమ్మది చేశాడు. ఆ పాటని ఏనాడూ అలా వాయించలేదు. జనం కొత్తగా ఉందని ఈలలేశారు. వాడికి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. వాడేమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. ఆ ఊళ్ళన్నీ అయిపోగానే బస్టాండులో విసుగొచ్చిందన్నాడు" అన్నాడు.

అంటే నా మొగుడి పరువు కోసం నీ బ్యాండు నువ్వే కూల్చుకున్నావు. ఇంకో డ్రమ్మరు రాకూడదని, మీ బావని తీసేశారన్న మాట పడకూడదని, నింద నీ నెత్తిన వేసుకున్నావు. గొంతు మూసుకుని, ఆ ఐసు కొట్టులో కూర్చుని, మోతలు వింటున్నావు. నేను నిన్ను ఎన్ని మాటలన్నాను! మీ బావ అయితే "వాడి జీవితం నేను తినేశాన్రా భగవంతుడా" అని అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. ఏం చెప్పి తినిపించాలో తెలీడం లేదు.

మీ ఇద్దరికీ తెలుసు, నాకు మాత్రం తెలీదు. ఆ కోపం తర్వాత తీర్చుకుంటాను. ఇప్పుడు ఓపిక లేదు.

నీకు ఏమిచ్చి ఋణం తీర్చుకోను?

అక్క


ఆగస్టు 27

అక్కా,

ఈ ఉత్తరం బావ ముందు పైకి చదువు. మొత్తం. ఏదీ దాటెయ్యకు.

నాకు దండలు వెయ్యొద్దు. జరిగింది నువ్వు రాసినట్టు లేదు.

బావ చెయ్యి చూశాను, నిజం. పాట నెమ్మది చేశాను, అదీ నిజం. అంతకన్నా వేరే దారి ఏముంది, వాయిస్తున్నది నా మనిషి. కానీ అంతకు చాలా ముందు నుంచే నేను ప్రతి ఊళ్ళోనూ స్టేజి వెనక నిలబడి, ఈ పూట కరెంటు పోతే బాగుండు అనుకునేవాణ్ణి. పాట నెమ్మదించిన ఆ రోజు నాకేమనిపించిందో తెలుసా? "అమ్మయ్య." ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ పాటలో ఊపిరి తీసుకునే జాగా దొరికింది. మర్నాడు కూడా అలాగే వాయించాలనిపించింది. ఆ మర్నాడు ఇంకా నెమ్మదిగా. చివరికి ఒక్క స్వరం మీద ఆగిపోవాలనిపించింది. ఇప్పుడు ఆగాను, అంతే.

బావ చెయ్యి రాయిలా ఉన్నా నేను ఆ బస్టాండులో అదే మాట అనేవాణ్ణి. ఆ చలికాలం కాకపోతే వచ్చే చలికాలం. కాబట్టి బావ నా జీవితాన్ని తినలేదు. అన్నం తినమను.

ఇది త్యాగం కాదక్కా. నాకు ఈ పని ఇష్టం. పొద్దున్నే లేచి, కంప్రెసరు మోత మారిందా అని వింటాను. ఎండాకాలంలో అది ఒక శ్రుతి, వాన పడితే ఇంకో శ్రుతి. నేను గంటసేపు ఒక్క మీట తిప్పుతూ ఉంటే నువ్వు బాధ అనుకుంటున్నావు. నేను సెలవులో ఉన్నాను.

నీకెందుకు చెప్పలేదంటావు. ఆ చెయ్యి బావది. అది వణుకుతోందని ముందు చెప్పాల్సింది బావే. నేను రాసి ఉంటే, బావకి ఇంట్లో కూడా దాక్కునే చోటు ఉండేది కాదు. అయినా ఆసుపత్రి మాట ఎత్తాను. నువ్వు వయసు గురించి అనుకున్నావు.

అక్టోబరు మొదటి శనివారం సాయంత్రం నా కచేరీ. రమ్మని బలవంతం చెయ్యను. నాకు మాత్రం మీరిద్దరూ వస్తే బాగుండనిపిస్తోంది. ఒక్కణ్ణే ఎప్పుడూ వాయించలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

బావకి, నీకు,
చిన్నోడు


సెప్టెంబరు 10

ఒరేయ్,

చదివాను. పైకి, మొత్తం. "అమ్మయ్య" దగ్గర ఉత్తరాన్ని బల్ల మీద కొట్టాను, నీమీద కోపంతో. ఎంత బాగా మోసపోయి నిన్ను నెత్తిన పెట్టుకున్నానా అని.

మీ బావ చేసిన పని విను. నవ్వాడు. మొదట ఊరికే నవ్వాడు, తర్వాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "వాడు కూడానా?" అన్నాడు. "వాడు కూడా అలిసిపోయాడా? నేను మానేస్తే వీడేమైపోతాడోనని ఎన్నేళ్ళుగా ఆ పెడళ్ళు తొక్కాను! మోకాళ్ళకి కట్టు కట్టుకుని, దాని మీద ప్యాంటు వేసుకుని! వాడికి నేనే అడ్డమా, నాకు వాడే అడ్డమా?" అన్నాడు. మీ ఇద్దరిలో ఒక్కరికైనా నోరు ఉండి ఉంటే నాకు ఎన్ని నల్ల చొక్కాలు కుట్టే బాధ తప్పేదో లెక్క కట్టుకున్నాను.

ఆ పూట అన్నం తిన్నాడు.

అన్నీ బాగున్నాయని రాయను. మందులు వేసుకుంటే వికారం, వేసుకోకపోతే బొత్తాలు పట్టవు. నేను పెడతానంటే చిరాకు, పెట్టకపోతే ఆలస్యం. దుకాణంలో టై విప్పి కింద పడేసి గొడవపడ్డాడట. ఓనరు మంచివాడు, తీసి జేబులో పెట్టుకున్నాడు. నాకు కూడా రోజు గడిచేసరికి ఒంట్లో ఏమీ మిగలడం లేదు. ఇవన్నీ నీకు రాస్తున్నాను, ఇంకెవరితో చెప్పుకోను? నిచ్చెనతో చెబితే పళ్ళు పట్టుకొచ్చి కూర్చుంటాడు.

వస్తాం. నేను అడగలేదు, మీ బావే బస్సు ఎన్నింటికో కనుక్కుంటున్నాడు.

అక్క


అక్టోబరు 9

చిన్నోడా,

ఇల్లు చేరాం. బస్సులో కూర్చోవడానికి జాగా దొరికింది. నీ దగ్గర ఉన్న ఆ ఒక్క పూట నీతో సరిగ్గా మాట్లాడనే లేదు, హడావిడిలో నీ వైర్లు తొక్కానని అరిచావు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను నీ కచేరీలు చాలా చూశాను, అన్నీ చెవుల్లో దూది పెట్టుకుని. ఈసారి కూడా అలవాటుగా దూది తెచ్చుకున్నాను. మీ బావ చూసి, "దాంతో ఏం పని?" అని లాక్కుని జేబులో వేసుకున్నాడు. చిన్న హాలు, మడత కుర్చీలు, ముప్పై మందో నలభై మందో. ఒక్కరూ కేకెయ్యలేదు. నువ్వు సగం వీపు మాకు పెట్టి, ఆ మీటల పెట్టె ముందు తల వంచుకుని కూర్చుంటే, పరీక్ష రాస్తున్న పిల్లాడిలా కనిపించావు. నీ జుట్టు అంత పలచబడిందని నాకు తెలీదు.

సంగీతం గురించి నన్నడగకు. నాకు అర్థం కాలేదు, అబద్ధం చెప్పను. మధ్యలో కాసేపు కునుకు కూడా పట్టింది. ఎన్ని నెలల తర్వాతో కూర్చున్నచోట నిద్ర వచ్చింది, దానికి నీకు దణ్ణం పెట్టాలి.

మెలకువ వచ్చి పక్కకి చూశాను. మీ బావ ఎడం చెయ్యి మోకాలి మీద ఉంది. వణుకుతోంది. మామూలుగా నలుగురిలో అయితే దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుంటాడు, లేదా జేబులో కుక్కుకుంటాడు. ఆ పూట దాని మానాన దాన్ని వదిలేశాడు. నేను చూస్తున్నానని తెలిసి కూడా తియ్యలేదు. తర్వాత బస్సులో అడిగితే, "తియ్యడం దేనికి? వాడి పాటలో తాళం లేదు కదా. నా చెయ్యి తాళం తప్పిందనేవాడెవడు?" అన్నాడు. అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆపడానికి కాదు. అది ఆడుతూనే ఉంది, నేను పట్టుకునే ఉన్నాను. మా ఊరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.

కింద మీ బావ ఏదో రాస్తానంటున్నాడు. అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఆ జబ్బులో అలాగే అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. దీపం దగ్గరికి జరుపుకుని ఓపిగ్గా చదువు. పొద్దుటి నుంచి రాస్తున్నాడు.

అక్క

ఒరేయ్, ఇది నేను. నాకు నచ్చలేదు. రెండో పాట మరీ సాగదీశావు, మధ్యలో నువ్వే దారి తప్పావు, నాకు తెలిసింది. మూడోది పర్లేదు. అందులో కింద స్వరం వచ్చినప్పుడు కుర్చీ అదిరింది, అది బాగుంది. మళ్ళీ ఎప్పుడో ముందే రాయి, సెలవు అడగాలి. ఈసారి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టకు. వెనక కుర్చీలు వేయించు. అక్కడ ఆనుకోవడానికి గోడ ఉంటుంది.